పెన్న వెంబడి సముద్రానికి: కడప నుంచి కారులో మూడు రోజుల ప్రయాణం

సముద్రం చూడాలనుకుంటే కడపలో చాలామందికి ముందు గుర్తొచ్చేది విశాఖపట్నమో గోవానో. టికెట్లు దొరకవు, సెలవులు చాలవు, ప్రయాణం వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. మన పక్కనుంచే పోయే పెన్న ఎక్కడికి పోతుందో ఒక్కసారి ఆలోచిస్తే ఈ తిప్పలు ఉండవు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచే ఈ నది నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కడప నుంచి సిద్ధవటం, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు 150 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అక్కడినుంచి మైపాడు తీరం మరో పాతిక. తెల్లవారి బయలుదేరితే మధ్యాహ్న భోజనం నెల్లూరులో చేయవచ్చు.

దూరం చిన్నదే. చాలా ప్రయాణాలను చెడగొట్టేది వేళ తెలియకపోవడం. పదకొండు గంటలకు తీరం చేరి, కాలుతున్న ఇసుకలో చెప్పులు చేతబట్టుకుని గంతులు వేసి, ఒంటిగంటకు తలనొప్పితో కారెక్కిన వాళ్లు "సముద్రంలో ఏముంది, అన్నీ నీళ్లే" అంటారు. మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, భూమి వైపు కుంగుతాడు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత సముద్రం మీది. మధ్యలో ఉన్న వేళ చెట్టునీడకు, భోజనానికి, నిద్రకు వదిలేయాలి. కింద చెప్పినదంతా ఈ లెక్క మీద నడిచేదే.

1. ముందు నెల ఎంచుకోండి

జనవరి నుంచి మార్చి నెలాఖరు వరకు అన్నివిధాలా మంచి కాలం. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ ఉన్నా బెదిరించదు, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు వైపు వెళ్లాలంటే ఆలోచించాలి. నెల్లూరు తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి, తుపానులు వచ్చేదీ అప్పుడే.

పిల్లల సెలవులని మే నెలలో వెళ్లేవారు రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. అప్పుడు తీరంలో తాజా సముద్రపు చేప తక్కువ. రెండోది గాలి. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది, వేడిగాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికి ముందే ఈ గాలి అందుకుంటుంది. మే, జూన్‌లలో పడమటి నుంచి వీచే వడగాలి దాన్ని ఒడ్డు మీదికి రానివ్వదు. గాలి తిరిగేసరికి మధ్యాహ్నం బాగా దాటుతుంది. అందుకే వేసవిలో సాయంత్రం వేళ నాలుగు కాదు, అయిదు అనుకోండి. దీనికి బదులుగా తాటి ముంజలు దొరుకుతాయి. అది చిన్న లాభం కాదు.

ఎండ విషయంలో మనకు ఉండే ధీమా కూడా కాస్త తగ్గించుకోవాలి. "కడప ఎండ చూసినవాళ్లకు ఇదొక లెక్కా" అనుకుంటాం. మన ఎండ పొడి ఎండ. నీడన కూర్చుంటే చెమట ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. తీరంలో గాలి నిండా తేమే. చెమట కారుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అంకెల్లో మనకన్నా ఆరేడు డిగ్రీలు తక్కువున్నా అక్కడ ఉక్కపోత మనిషిని త్వరగా కూలదోస్తుంది. దాహం వేయకముందే నీళ్లు తాగడం, మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువ వేసుకోవడం అలవాటు చేసుకోండి.

2. వారం చూసుకోండి

ఇది ఏ ప్రయాణాల పుస్తకంలోనూ ఉండదు, మన ఇళ్లలో మాత్రం అన్నిటికన్నా పెద్ద సమస్య. శనివారం వెంకటేశ్వరస్వామి వారమని నీచు ముట్టని ఇళ్లు మన వైపు ఎన్నో. సోమవారం నియమం ఉన్నవాళ్లూ ఉన్నారు. నెల్లూరు వెళ్లి చేపల పులుసు తినకుండా రావడం అన్యాయం. శనివారం ఉదయం బయలుదేరితే ఆ రోజు గుడి, సాయంత్రం అలలు. ఆదివారం పొద్దున సముద్రం, మధ్యాహ్నం పులుసు, సాయంత్రం పులికాట్. ఆ రాత్రి శ్రీకాళహస్తిలో ఆగి, సోమవారం తలస్నానం చేసి, దర్శనం చేసుకుని ఇంటికి. పెద్దవాళ్లు కూడా అభ్యంతరం చెప్పలేని క్రమం ఇది.

సోమవారం సెలవు దొరకనివాళ్లు పులికాట్‌ను వదిలేసి ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చిన దారినే తిరిగి రావచ్చు. రెండు రోజుల్లోనే అన్నీ చూసేయాలని ఆదివారం రాత్రి సూళ్లూరుపేట నుంచి కడప దాకా బండి నడపడం నేను ఎవరికీ చెప్పను. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి, రైల్వే కోడూరు, రాజంపేట వైపు రాత్రంతా లారీలు.

3. బండి, సామాను

టైర్లలో గాలి బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూడమనండి, అది ఎవరికీ గుర్తుండదు. ఫాస్టాగ్‌లో డబ్బు వేసుకోండి, నెల్లూరు దాటాక జాతీయ రహదారి మీద టోల్ గేట్లు ఉంటాయి.

సామాను సంగతికొస్తే, తీరానికి ప్రత్యేకంగా కావాల్సినవి కొన్నే. ఆడామగా అందరికీ వెడల్పు అంచు టోపీలు, లేకుంటే తలపాగాకు సరిపడే నూలు తువ్వాళ్లు. ఎండ నుంచి చర్మాన్ని కాపాడే క్రీము ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించినది తీసుకుని, బయటికి వెళ్లేముందు రాసుకుని, రెండు గంటలకోసారి, నీళ్లలో మునిగి వచ్చినప్పుడల్లా మళ్లీ రాయాలి. నల్లగా ఉన్నవాళ్లకు అక్కర్లేదనేది వట్టి మాట. అలల దగ్గర ఎండ పైనుంచే కాదు, నీటి మీద, ఇసుక మీద పడి కింది నుంచి కూడా తగులుతుంది. గడ్డం కింద, చెవుల వెనక కమిలిపోయేది అందుకే.

ఒక క్యానులో ఇరవై లీటర్ల మామూలు నీళ్లు డిక్కీలో పెట్టుకోండి. ఉప్పునీటి స్నానం తర్వాత కాళ్లు కడుక్కోవడానికి, పిల్లలకు రెండు చెంబులు పోయడానికి ఇవి బంగారంతో సమానం. సీట్ల మీద పరచడానికి పాత దుప్పటి, పది మీటర్ల గట్టి నైలాను తాడు, మూత బిగించిన పెద్ద ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కూడా వేసుకోండి. ఆ తాడు, డబ్బా ఎందుకో అయిదో అంకంలో చెబుతాను.

చీర, దుపట్టా, లుంగీ కట్టుకుని అలల్లోకి దిగవద్దు. తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది, బరువు లాగుతుంది. మోకాళ్ల కింది దాకా వచ్చే పైజామా, పొట్టి చేతుల చొక్కా అయితే మర్యాదకూ లోటు లేదు, ప్రాణానికీ హాయి.

4. మొదటి రోజు: నది పక్కన

అయిదున్నరకు కడప వదిలితే సిద్ధవటం దగ్గర పెన్న దాటేసరికి వెలుగు వస్తుంది. నది ఒడ్డునే మట్లి రాజుల నాటి కోట. వేసవిలో అయితే వంతెన కింద కనిపించేది నీళ్లు కాదు, ఇసుక. అక్కడక్కడా చెలమలు. ఈ దృశ్యాన్ని గుర్తు పెట్టుకోండి. ఇదే నది నెల్లూరు చేరేసరికి మరో మనిషిలా ఉంటుంది.

సిద్ధవటం నుంచి బద్వేలు దారి లంకమల అడవుల అంచున పోతుంది. ప్రపంచంలో ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ అడవుల పరిసరాల్లోనే. అది రాత్రిపూట తిరిగే పిట్ట, మీకు కనిపించదు. దాని కోసం అడవిలోకి దిగవద్దు కూడా. ఎర్రచందనం కాపలా ఉన్న అడవి ఇది, అటవీశాఖ వాళ్లకు జవాబు చెప్పుకోలేరు. దారిలో కిటికీ దించుకుని పొద్దుటి గాలి పీల్చుకుంటే చాలు.

బద్వేలులో టిఫిన్. ఇక్కడినుంచి నెల్లూరు దాకా 67వ నంబరు జాతీయ రహదారి. ఆత్మకూరు దారి నుంచి కాస్త పక్కకు తిరిగితే సోమశిల జలాశయం, 78 టీఎంసీల నిల్వ సామర్థ్యం ఉన్నది. మన జిల్లాలోని కొన్ని ఊళ్లు కూడా దాని ముంపులో పోయాయి. కట్ట మీద నిలబడి కడప వైపు చూస్తే, ఇంటి దగ్గర ఇసుకగా చూసిన పెన్న ఇక్కడ కొండల నడుమ నీలంగా పరుచుకుని ఉంటుంది. వాన తక్కువైన ఏడు నీళ్లు బాగా కిందికి పోతాయి. అలాంటప్పుడు ఈ పక్కదారిని వదిలేయండి.

ఆత్మకూరు దాటాక సంగం. పెన్న మీద ఇక్కడి కొత్త బ్యారేజి 2022లో ప్రారంభమైంది. రోడ్డు పక్కన పొలాల రంగు ఇక్కడే మారుతుంది. శనగ, పొద్దుతిరుగుడు చూసిన కళ్లకు ఎటు చూసినా వరి. తర్వాత బుచ్చిరెడ్డిపాలెం, అక్కడికి దగ్గరలోనే పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి. ఎండ ముదరకముందే గుడి రాతి నేల మీద నడవాలి, కాబట్టి పదిన్నర లోపు అక్కడ ఉండేలా చూసుకోండి. ఆ తర్వాత నెల్లూరు, భోజనం, గది, నిద్ర. మధ్యాహ్నం నిద్రపోవడానికి ఇంత దూరం రావాలా అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. సాయంత్రం వాళ్లే ముందు నీరసపడతారు.

5. సాయంత్రం మైపాడు, నీళ్లలో దిగేముందు

మూడున్నరకు నెల్లూరు వదిలి ఇందుకూరుపేట మీదుగా వెళ్లండి. ఊళ్లు దాటుతున్నకొద్దీ వరిపొలాలు పోయి రొయ్యల చెరువులు వస్తాయి. చదరంగా తవ్విన నీళ్లలో ఏరేటర్ల రెక్కలు తిరుగుతూ తెల్లటి నురగ చిమ్ముతుంటాయి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే రొయ్య గంటల్లో చచ్చిపోతుంది, అందుకే కరెంటు పోతే రైతు గుండె ఆగినంత పని అవుతుంది. చెరువు మీద అడ్డంగా లాగిన సన్నటి దారాలు పక్షులు వాలకుండా, గట్టు చుట్టూ కట్టిన వల పీతలు రాకుండా. తెగుళ్లు ఒక చెరువు నుంచి మరో చెరువుకు ఇవే మోస్తాయి, మనుషుల కాళ్లు కూడా మోస్తాయి. ఫొటో కోసం గట్టు ఎక్కకండి, రోడ్డు మీదినుంచే తీసుకోండి.

తీరానికి కాస్త ముందు ఒక పాత కాలువ దాటుతారు. బకింగ్‌హామ్ కాలువ. రైళ్లూ లారీలూ రాకముందు ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవల మీద ఈ దారినే మద్రాసు వెళ్లేవి. ఆ పేరు పెట్టింది 1878లో. అంతకు ముందు రెండేళ్లు ధాత కరువు. ఆ కరువులో పని కల్పించడానికి మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ తవ్విన ముక్కతో ఈ కాలువ పూర్తయింది. మన సీమ పల్లెలను తుడిచిపెట్టిన కరువే అది. దాటేటప్పుడు బండి నిమిషం ఆపి చూడండి.

ఇక సముద్రం. బావుల్లో దూకి ఈత నేర్చుకున్న రాయలసీమ కుర్రవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి: బావి ఈత సముద్రంలో సరిపోదు. బావిలో నీళ్లు కదలవు. ఇక్కడ అలలతో ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి, పోతాయి కూడా, ఒక ఇరుకైన పాయగా, ఎంత గొప్ప ఈతగాడినైనా లాక్కుపోయే వేగంతో. దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి నీళ్లను చూడండి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట విరగకుండా, కాస్త మట్టిరంగులో, నురగ లోపలికి కొట్టుకుపోతూ కనిపిస్తే అదే ఆ పాయ. చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి పిల్లల్ని తీసుకుని జనం అక్కడికే పోతారు. మీరు దానికి దూరంగా పొండి.

ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదవద్దు. నీటితో కుస్తీ పట్టి అలిసిపోయినవాళ్లే మునిగేది. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ పాయ సాధారణంగా వెడల్పు తక్కువ, దాటగానే అలలు మిమ్మల్ని ఒడ్డుకు తెస్తాయి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి. ఒడ్డున ఉన్నవాళ్లు ఆత్రపడి దూకకూడదు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి ఏడూ చదువుతున్నాం. తాడు చివర ఖాళీ డబ్బా కట్టి విసరండి, దాన్ని పట్టుకుని మనిషి తేలగలడు. ఇందాక చెప్పిన సామాను ఇందుకే. ఈలోగా ఒకరు 112కు ఫోను చేయాలి, దగ్గరలోని మత్స్యకారులను కేకేయాలి.

నడుము లోతు దాటవద్దు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు పెద్దది, ఆ రోజుల్లో ఇంకా ఒడ్డుకే ఉండండి. బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ సూచనతో పాటు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరిక కూడా చూడండి. ఎండ కాస్తున్నా దూరాన ఎక్కడో పుట్టిన అలలు వచ్చి కొట్టగలవు. కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్త వస్తే ప్రయాణమే మానుకోండి.

భయపెట్టినట్టయింది గానీ, మోకాలి లోతులో కూర్చుని అల నెత్తి మీదుగా పోతుంటే పొందే సంతోషానికి ఇవేవీ అడ్డు కావు. చీకటి పడేలోగా బయటికి రండి. కారును ఇసుక మీదికి తోలవద్దు, ఎవరో తోలారని అసలు తోలవద్దు.

6. రెండో రోజు పొద్దున: పొడుపు, వల

ప్రయాణం మొత్తంలో నాకు ఇష్టమైన భాగం ఇదే. జనవరిలో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో వస్తాడు, మే నెలలో ఆరుకు ముందే. అంతకు అరగంట ముందు ఇసుక మీద ఉండాలి. మైపాడుకే మళ్లీ వెళ్లవచ్చు, లేకపోతే దానికి దక్షిణంగా కోడూరు తీరానికి. కోడూరు దగ్గర వేళాంకణి మాత చర్చి ఉంది. జనం పలుచగా ఉండే చోటు కావాలంటే కోడూరే నయం. దూరంగా నీటి అంచున కృష్ణపట్నం రేవు కోసం లంగరు వేసుకుని ఉన్న ఓడల దీపాలు కనిపిస్తాయి. పొద్దు పొడిచేకొద్దీ దీపాలు మాసిపోయి ఓడల ఆకారాలు బయటపడతాయి.

పొడుపు చూడగానే గదికి పరుగెత్తకండి. పాలెం దగ్గర అలివి వల లాగుతున్నారేమో చూడండి. వలను పడవలో తీసుకెళ్లి సముద్రంలో విల్లు వంపుగా పరిచి, రెండు చివర్ల తాళ్లను ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడుకు ఒక్కో జట్టు. ముందున్నవాడు తాడు పట్టి వెనక్కి నడుస్తాడు, చివరికి చేరగానే వదిలి మళ్లీ నీటి అంచుకు పోయి పట్టుకుంటాడు. రెండు జట్లు లాగుతూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. చివరి పది నిమిషాల్లో ఊరంతా అక్కడే. సంచి ఒడ్డుకు రాగానే వెండి రంగు చేపలు ఎగిరిపడతాయి, కాకులు, కుక్కలు, పిల్లలు, బుట్టలతో ఆడవాళ్లు ఒకేసారి చుట్టుముడతారు. గంటల శ్రమకు ఒక్కోరోజు వచ్చేది రెండు బుట్టలే. తాడు పట్టుకోవచ్చా అని అడిగితే చాలాసార్లు నవ్వి చోటిస్తారు. ముందు అడగండి. మధ్యలో దూరి ఫొటోలు తీయడం, చేప మీద కాలు వేయడం తప్పు, అది వాళ్ల అన్నం.

జనవరి, మార్చి మధ్య అయితే ఇసుక మీద ట్రాక్టరు చక్రం జాడ లాంటిది నీళ్ల నుంచి పైకి వచ్చి మళ్లీ నీళ్లలోకి పోయి ఉండవచ్చు. రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు జాడ అది. అక్కడ తవ్వవద్దు. రాత్రిళ్లు తీరం మీద టార్చిలైట్లు వేయవద్దు, వెలుగు చూసి తాబేళ్లు దారి తప్పుతాయి.

ఊటుకూరు దగ్గర పెన్న కలిసే చోటు చూడాలని ఉంటే నదికి ఉత్తరపు ఒడ్డుకు, విడవలూరు వైపు వెళ్లాలి. కడపవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన చోటే. కానీ అక్కడ నీళ్లలో దిగవద్దు. నది, పోటు కలిసేచోట ఇసుకమేటలు జరుగుతుంటాయి, నిన్న మోకాలి లోతు ఉన్నచోట నేడు నిలువు లోతు ఉంటుంది.

7. మధ్యాహ్నం: సరుగుడు నీడ, చేపల పులుసు

తొమ్మిది దాటాక సరుగుడు తోటలోకి జరగండి. గాలికి ఆ చెట్లు చేసే సన్నటి హోరు వింటూ ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినవచ్చు. చలికాలమైతే తేగలు, వేసవి అయితే ముంజలు అమ్ముతారు. పదకొండుకల్లా నెల్లూరు.

నెల్లూరు చేపల పులుసులో పుల్లటి మామిడికాయ ముక్క ఉండాలి. చింతపండు పులుపు వేరు, మామిడి పులుపు వేరు, రెండూ కలిసినప్పుడే ఆ రుచి. కొరమీనుతో చేసింది ఒక తీరు, బొమ్మిడాయిలతో చేసింది ఇంకో తీరు. రెండూ మంచినీటి చేపలే, సముద్రపు చేప కావాలంటే వంజరం అడగండి. హోటలువాళ్లను "ఈ పూట వండిందా, నిన్నటిదా" అని అడిగి, నిన్నటిదన్నారని లేచి పోకండి. పులుసు ఒక రాత్రి నానితేనే ముక్కకు ఉప్పూ కారం పడతాయి, నెల్లూరు ఇళ్లలో కూడా మరునాటి పులుసుకే మర్యాద ఎక్కువ. తీపికి మలై కాజా.

8. సాయంత్రం: పులికాట్

ఒంటిగంటన్నరకు బయలుదేరి 16వ నంబరు రహదారి మీద దక్షిణానికి. గూడూరు, నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేటకు ముందే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులు చెబుతారు. పక్షులకూ ఊరికీ మధ్య తగాదా లేకపోవడానికి అదీ ఒక కారణం. గంట చాలు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సముద్రానికీ దీనికీ అడ్డంగా శ్రీహరికోట దీవి. చాలాచోట్ల నీళ్లు నడుము లోతు కూడా ఉండవు, అందుకే పొడుగు కాళ్ల ఫ్లెమింగోలకు ఇది కంచం. ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురద వదిలేసి నాచునూ సన్నటి పురుగులనూ వడగట్టుకుంటాయి. అవి గుంపుగా మేస్తుంటే దూరానికి గులాబిరంగు చార మాత్రమే కనిపిస్తుంది. చేతిలో బైనాక్యులర్ లేకుంటే నిరాశ తప్పదు, అద్దెకో అరువుకో తెచ్చుకోండి. అన్నీ ఒక్కసారి లేచినప్పుడు రెక్కల కింది ఎరుపు, నలుపు బయటపడతాయి. వాటిని లేపడానికి రాళ్లు వేసేవాళ్లు ఉంటారు, పిల్లల్ని అలా చేయనివ్వవద్దు. వేసవి ముదిరితే ఉత్తరపు భాగం ఎండి పగుళ్లిచ్చిన ఉప్పునేల అవుతుంది, అప్పుడు ఇక్కడికి రావడం దండగ.

రోడ్డు అంచు దాటి బండి దింపవద్దు, బురద చక్రాన్ని మింగుతుంది. రోడ్డు మధ్యలో ఆపినా కుదరదు, అంతరిక్ష కేంద్రం బస్సులు వేగంగా వస్తాయి. దారిలో ఉన్న అటకానితిప్ప దగ్గర ఆగడానికి చోటుంది. కేంద్రం లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరు. 1971 అక్టోబరు 9న ఇక్కడినుంచి తొలి రోహిణి రాకెట్ లేచింది. ప్రయోగం ఉన్న రోజున సందర్శకుల గ్యాలరీ నుంచి చూడాలంటే ఆన్‌లైన్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఆ తేదీకి మీ ప్రయాణాన్ని జరపగలిగితే జరపండి, ఆ తేదీ వాయిదా పడే అవకాశం కూడా మనసులో ఉంచుకోండి.

ఇంకో మాట. తూర్పు తీరంలో సూర్యుడు నీళ్లలో మునగడం చూడలేమన్నాను కదా, పులికాట్‌లో చూడవచ్చు. రోడ్డు మీద వీలైనంత తూర్పుకు వెళ్లి, పడమటికి తిరిగి నిలబడితే మీకూ సూర్యుడికీ మధ్య సరస్సే. చీకటి పడగానే బయలుదేరి నాయుడుపేట మీదుగా శ్రీకాళహస్తి చేరండి.

9. మూడో రోజు: తిరుగు దారి

సోమవారం శివుడి వారం కాబట్టి కాళహస్తి గుడిలో రద్దీ ఉంటుంది, రాహుకేతు పూజలకు వచ్చేవారు సరేసరి. తెల్లవారుజామునే వెళ్లండి. ఆ తర్వాత రేణిగుంట, కోడూరు, రాజంపేట. రైల్వే కోడూరు దగ్గర కాలాన్ని బట్టి అరటి, బొప్పాయి, మామిడి. నందలూరు సౌమ్యనాథుడి గుడి, ఒంటిమిట్ట కోదండరాముడి గుడి దారిలోనే. ఎండ నెత్తికెక్కేలోగా ఒకటి చూసి, రెండోదాన్ని మరో రోజుకు ఉంచుకోండి. కడపకు గంట దూరంలో ఉన్నదాన్ని హడావిడిగా చూడాల్సిన అవసరం ఏముంది?

చేపలు ఇంటికి తేవాలా? గుడి మీదుగా వచ్చే ఈ మూడు రోజుల దారిలో పచ్చి చేపలు వద్దు, కారులో వాసనతో దర్శనానికి వెళ్లలేరు. రెండు రోజుల ప్రయాణంలో తిన్నగా ఇంటికి వచ్చేవాళ్లు మాత్రం తెచ్చుకోవచ్చు. కన్ను తేటగా ఉబ్బెత్తుగా ఉండాలి, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. అక్కడే శుభ్రం చేయించి, పేగులు తీయించి, థర్మోకోల్ పెట్టెలో కిలో చేపకు కిలో ఐసు లెక్కన ఒక వరస ఐసు, ఒక వరస చేపలు పేర్చి, మూతకు టేపు చుట్టాలి. కరిగిన నీళ్లు పోవడానికి పెట్టె అడుగున చిన్న రంధ్రం, దాని కింద ఒక పళ్లెం. ఇంట్లో దించేదాకా మూత తీయకండి.

వచ్చిన మరునాడే కారు కింది భాగాన్ని, చక్రాల లోపలి అంచులను మంచినీళ్లతో ధారగా కడిగించండి. పైపైన మెరిపిస్తే చాలదు. ఉప్పుగాలి తగిలిన ఇనుము కడపకు వచ్చాక కూడా తుప్పు పడుతూనే ఉంటుంది. సీట్ల కింది ఇసుకను వ్యాక్యూమ్‌తో లాగించాలి, తడిగుడ్డతో తుడిస్తే మూలల్లోకి పోతుంది. ఎంత లాగించినా పిల్లల చెప్పుల నుంచి ఇంకో నెల రోజులు రాలుతుంది, దానికి మందు లేదు.